నైలాను ముక్కలో ఎనిమిది చిప్పులు

నిన్న ఏసీ గదిలో మా ఆవిడ నైలాను చీర మడత విప్పితే చిటపటమంది. నా చేతి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. వెంటనే నా జీవితంలోకెల్లా గొప్ప బేరం గుర్తొచ్చింది. అలాంటి బేరం మా బట్టల వ్యాపారుల వంశంలో ఎవరూ చేసి ఉండరు. చేసినా బయటికి చెప్పుకొని ఉండరు.

తొంభైలలో సరోజక్క మద్రాసు చింతాద్రిపేటలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడిపేది. నేను అక్కడ పని నేర్చుకునేవాణ్ణి. ఏ పెట్టె మూత విప్పాలన్నా ముందు మణికట్టుకు పట్టీ చుట్టుకొని, దాని తీగను ఎర్తుకు తగిలించేది. నాకది మడి కట్టుకోవడంలా కనిపించి నవ్వొచ్చేది. అది గమనించి ఒకరోజు చిన్న చదరపు బ్యాటరీ నా నాలుకకు ఆనించింది. జివ్వుమంది.

"దీన్ని నాలిక కనిపెట్టేసిందా? నీ ఒంట్లో చేరే కరెంటు నీకే తెలీదు. చిప్పు మాత్రం చచ్చిపోతాది."

"మెడ్రాసు చెమటలో ఈడ కరెంటు యాడ చేరతాదక్కా?"

"వీధిలో చేరదులే. ఈ ఏసీ గదిలో చేరతాదిరా, తెలివైనోడా."

పెళ్ళిపత్రికలు అచ్చువేసే నాయుడుగారి కంప్యూటర్లు రెండు ఆ వారమే ఒకరోజు సాయంత్రానికల్లా బాగుచేసి ఇవ్వాల్సి వచ్చింది. ఎనిమిది మెమరీ చిప్పులు కొనుక్కురమ్మని అక్క నన్ను పంపింది. అమ్మేవాడు ఒక్కోదాన్ని వెండిరంగు కవరులో పెడుతుంటే ఆపాను. కవర్లు వద్దు, వాటి ధర తగ్గించు అని అరగంట వాదించి గెలిచాను. చిప్పులను మా నాన్న కొట్లోని నైలాను ముక్కలో చుట్టి తెచ్చాను. అక్క మెచ్చుకోవాలని, ఏసీ గదిలో కూర్చుని ఒక్కొక్కదాన్నీ ఆ ముక్కతోనే మెరిసేలా తుడిచాను.

ఒక్కటీ పనిచేయలేదు. నాయుడుగారు వచ్చి గుమ్మంలోనే అందుకున్నారు. "రేప్పొద్దున పత్రికలియ్యాల. పెళ్ళోళ్ళకి నా మొహం ఎట్ట చూపించేదమ్మా?"

నేను నోరు తెరిచేలోగా అక్క లేచి నిలబడింది. "తప్పు నాదే నాయుడుగారూ. పిల్లోడికి నేర్పకుండా పంపించినా."

ఆయన కంప్యూటర్లు రెండూ రిక్షాలో ఎక్కించుకొని వెళ్ళిపోయారు. అక్క తిట్టలేదు. నైలాను ముక్కను బల్లమీద రుద్ది, చించిన కాగితం ముక్కల పైన పట్టింది. అవి ఎగిరి దానికి అతుక్కున్నాయి. తర్వాత తన పట్టీ విప్పి నా మణికట్టుకు కట్టింది. ఆ చేతుల కింద పని నేర్చుకున్నానని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను. పట్టీ లేకుండా ఏ యంత్రాన్నీ ముట్టను.

ఇక బిల్లు. మిగిల్చింది, ఒంటి కరెంటు తగలకుండా చిప్పులను కాపాడే ఆ ఎనిమిది కవర్ల ధర. పోయినవి, ఎనిమిది చిప్పులు. వాటి డబ్బు నా జీతంలోంచి కోయించుకున్నాను. నాయుడుగారు మళ్ళీ మా గుమ్మం ఎక్కలేదు. "నేర్పకుండా పంపించినా" అన్న ఆ అబద్ధం ఖర్చు మాత్రం అంతా అక్కే పెట్టుకుంది.