వంద ఓమ్‌ల ఏడుపు

నాందేడ్ వజీరాబాద్‌లో దిగంబర్ దుకాణానికి బోర్డు లేదు, అవసరమూ పడలేదు. నలభై ఏళ్లుగా ఊళ్లో రేడియో మూగబోయినా, పెళ్లి మండపంలో సౌండు బాక్సు గరగరలాడినా జనం అతని దగ్గరికే వచ్చేవారు. మీటరు ముట్టకుండా, తల కాస్త పక్కకు వంచి విని, ఏ ముక్క పాడైందో చెప్పేసేవాడు. అందుకే 'చెవి దిగంబర్' అని పేరు పడింది. ఆ పేరంటే అతనికి ప్రాణం. పన్నెండేళ్ల కిందట ఉమ్రి ఊరి సేఠ్ ఒకాయన ఖరీదైన రికార్డు ప్లేయర్ మోసుకొస్తే, దానికి సరిపడే రెసిస్టర్లను రెండు రోజులు కూర్చుని చెవితోనే ఏరాడు. ఆ ముచ్చట ఇప్పటికీ చెప్పుకుంటాడు. అప్పుడు పక్కన కూర్చుని చూసినవాడు సాయిరాం.

సాయిరాం ఆ బల్ల దగ్గర పదకొండేళ్లు పనిచేసి, రెండేళ్ల కిందట స్టేషన్ దగ్గర అద్దాల తలుపుతో సొంత దుకాణం తెరిచాడు. ఆ రోజు నుంచి దిగంబర్‌కు తిన్నది ఒంటబట్టడం లేదు. 'అద్దాల తలుపు పెడితె చెవులు అస్తయా?' అని వచ్చిన ప్రతి గిరాకీనీ అడిగేవాడు. వాళ్లేం చెబుతారు పాపం, నవ్వి ఊరుకునేవారు.

ఈ ఎండాకాలంలో రఖమాబాయి వచ్చింది. రిటైరైన బడిపంతులమ్మ, పాత మరాఠీ నాటకాల పాటల రికార్డులు అల్మారా నిండా ఉన్న మనిషి. పుణె నుంచి మేనల్లుడు ఆమె ప్లేయర్‌కు కొత్త కార్ట్రిడ్జ్ పంపాడు, అంటే సూదిని పట్టుకుని ఉండే ముక్క. దానికి యాంప్లిఫైయర్ వెనక కుడికొకటి, ఎడమకొకటి రెసిస్టర్ పెట్టాలి. విలువ మరీ ఎక్కువైతే పాట చెవిలో గుచ్చుకుంటుంది. మరీ తక్కువైతే దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది. సరైనదేదో చివరికి చెవే తేల్చాలి.

దిగంబర్ అరగంట విని వెయ్యి ఓమ్‌లవి పెట్టాడు. మూడో రోజు ఆమె మళ్లీ వచ్చింది.

"దిగంబర్, పాటల 'స' అక్షరం అచ్చినప్పుడల్లా చెవుల సూది గుచ్చినట్టున్నది."

"కొత్తది గద బాయీ, అలవాటయితది."

అలవాటు కాలేదు. ఇంకోసారి వచ్చి చెప్పి చూసి, ఆమె సాయిరాం దగ్గరికి వెళ్లింది. అతను రెండు చిన్న ప్లగ్గుల్లో వేరే రెసిస్టర్లు అతికించి వెనక గుచ్చాడు. 'తేనె తీరుగ ఉన్నది' అని ఆమె భజన మండలిలో అందరికీ చెప్పింది. ఆ మండలిలోనే దిగంబర్ భార్య సుందరబాయి కూడా ఉంది. ఇంటికొచ్చి ఆమె ఆ మాట అన్నప్పుడు దిగంబర్ చేతిలో ముద్ద కంచంలో విసిరేసి లేచాడు. అసూయ అంటే అసూయే, దానికి ఇంకో మర్యాదైన పేరు వెతకనక్కర్లేదు. వాకిట్లో మంచమ్మీద కూర్చుని, మాట మార్చడానికి, 'ఈ ఏడు దోమలు తగ్గినయ్' అన్నాడు. సుందరబాయి కాళ్లు గోక్కుంటూ అతని వైపు వింతగా చూసింది.

నెల తిరక్కుండానే రఖమాబాయి ప్లేయర్ బెల్టు తెగింది. ఆ సైజు బెల్టు దిగంబర్ దగ్గరే ఉంది కాబట్టి ఆమె సెట్టంతా ఆటోలో వేయించుకుని వచ్చి, రేపు తీసుకుపోతానని వెళ్లింది. దిగంబర్ బెల్టు సంగతి పక్కన పెట్టి ముందు సాయిరాం ప్లగ్గు విప్పాడు. రెసిస్టర్ మీద విలువ చెప్పే రంగు గీతలు గోధుమ, నలుపు, గోధుమ. వంద ఓమ్‌లు!

బెల్టు వేశాక వంద ఓమ్‌లతో విన్నాడు. తన వెయ్యి పెట్టి విన్నాడు. మళ్లీ మార్చి విన్నాడు. రెండూ ఒకటే. వెంట్రుక వాసి తేడా లేదు. దిగంబర్‌కు ఒళ్లు మండిపోయింది. తేనె అట తేనె! అంతా అద్దాల తలుపు మహిమ! అప్పుడే అతనికి ఆ పాడు ఆలోచన వచ్చింది. సాయిరాం ప్లగ్గుల్ని సొరుగులో పడేసి, అచ్చం అలాంటి ప్లగ్గుల్లోనే తన వెయ్యి ఓమ్‌లు అతికించి గుచ్చాడు. ఆమె విని మెచ్చుకోగానే 'ఇవి నావి బాయీ' అనాలి. ఆ మాట భజన మండలి దాకా పోవాలి. ఆ సంతోషంతో ఆ పూట కడుపునిండా తిన్నాడు.

మర్నాడు రఖమాబాయి స్టూలు మీద కూర్చుంది. దిగంబర్ సూది దించాడు. మొదటి చరణం కూడా కాలేదు, ఆమె మొహం చిట్లించి చెవి మీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో, మల్ల గుచ్చుతున్నది గద! ఏం చేసినవ్?"

దిగంబర్ సూది ఎత్తేశాడు. ఆమె ఊరికే అనడం లేదు, కంటి కొసల్లో నీళ్లు కూడా వచ్చాయి.

"సాయిరాం పెట్టినప్పుడు మంచిగుండె," అందామె. "నేను మెచ్చుకుంటే ఏమన్నడు ఎరికేనా? 'ఇది నా చెవి కాదు బాయీ. ఉమ్రి సేఠ్ సెట్టుకు గిసొంటి సూదే ఉండె, దిగంబర్ కాకా రెండు దినాలు ఇని వంద తీసిండు. నేను పక్కన కూసోని రాసుకున్న. ఇప్పుడు బుక్కుల చూసి పెట్టిన, గంతే' అన్నడు."

రెండు రోజులు విని ఏరింది వంద అని దిగంబర్‌కు గుర్తే లేదు. తేడా ఆమె చెవికి తెలిసింది, ఉమ్రి సేఠ్ సెట్టు దగ్గర కూర్చున్నప్పుడు తన చెవికీ తెలిసింది. ఇప్పుడు తెలియడం లేదు. నాందేడ్‌లో దోమలేమీ తగ్గలేదు, వాటి సన్నని రొదే అతనికి వినబడటం లేదు. రెండేళ్లుగా సాయిరాం మీద పడి ఏడ్చాడు. ఇప్పుడు ఏడవడానికి మిగిలింది పన్నెండేళ్ల కిందటి దిగంబర్ ఒక్కడే, వాడి మీద మాత్రం అతనికి పట్టరానంత కుళ్లు పుట్టింది.

సొరుగు లాగి ప్లగ్గులు తీశాడు. ఆమె చూస్తుండగానే మార్చాడు, దాచలేదు.

"నేనే తీసిన బాయీ. సాయిరాంవి తీసి నావి పెట్టిన. తప్పయింది."

అతను సూదిని మళ్లీ మొదటి గీత మీద దించాడు. పాట మొదలైంది, అతనికి ఇందాకటిలాగే వినిపించింది. తల పక్కకు వంచబోయి మానుకుని, స్టూలు మీదున్న ఆమె మొహం వైపు తిరిగాడు. 'స' వచ్చింది, పోయింది. ఆమె నుదుటి ముడత విడిపోయింది, కళ్లు మూసుకుంది. పాట బాగుందని దిగంబర్ ఆ మొహం చూసి తెలుసుకున్నాడు.