పూర్ణమ్మగారి చక్రాల గది

చిత్రిక పట్టిన టేకు చెక్క వాసన తగిలితే చాలామందికి కొత్త ఇల్లో, పెళ్ళి మంచమో గుర్తుకొస్తుంది. నాకు ఒళ్ళు మండుతుంది. రాయపూర్ పండరీ బజారులో మా వాటా కింద కొత్తగా బట్టల కొట్టు తెరుస్తున్నారు. వడ్రంగులు పొద్దుటినుంచీ అలమార్లు కొడుతూనే ఉంటారు. కిటికీ తీస్తే చాలు, ఆ వాసన గుప్పున లోపలికొస్తుంది. వెంటనే పూర్ణమ్మగారు కళ్ళముందు నిలబడతారు: తెల్లచీర, బుగ్గన లవంగం, చంకలో గొడుగు, మొహాన ధుమధుమ. ఆవిడ పోయి చాలా కాలమైంది. ఆవిడ కోపం మాత్రం నాకు మిగిలింది, నగలకంటే భద్రంగా దాచుకున్నాను.

పూర్ణమ్మగారు రాయపూర్‌లో హెల్త్ విజిటరు. పల్లెలు తిరిగి పురుళ్ళు పోయడం, బాలింతలను చూసుకోవడం, మంత్రసానులకు చేతులు శుభ్రంగా కడుక్కోవడం నేర్పడం ఆవిడ పని. నేను ఆవిడ కింద కొత్తగా చేరిన మిడ్‌వైఫును. స్వరాజ్యం వచ్చి నాలుగైదేళ్ళయింది అప్పటికి. ఆవిడ తండ్రి, మా నాన్న ఇద్దరూ విజయనగరం వైపునుంచి రైల్వే ఉద్యోగాలకని వచ్చి ఇక్కడ ఉండిపోయినవాళ్ళే. మా నాన్న అప్పలస్వామి రైలుపెట్టెలు మరమ్మతు చేసే షెడ్డులో వడ్రంగి.

ఇప్పుడు ఉక్కు ఫ్యాక్టరీల పొగలో మునిగిన సిల్తారా అప్పుడు వరిమడుల మధ్య పల్లెటూరు. అక్కణ్ణుంచి ధర్సీవా దాకా ఊళ్ళన్నీ మావే. నొప్పులు ఆఫీసు వేళలు చూసుకుని రావు కదా! పురుడు పోయాలంటే రాత్రిళ్ళు అక్కడే ఉండాలి. ఎక్కడ ఉండాలన్నదే గొడవ. రోడ్డు పక్కన డాక్ బంగళా ఒకటి ఉండేది. మేము మొదటిసారి వెళ్ళినప్పుడు గదులన్నీ ఖాళీ. కావలివాడు తాళంచెవుల గుత్తి మొలకు దోపుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“అకేలీ ఔరత్‌కో కమరా నహీఁ మిలేగా, బాయీ,” అన్నాడు. ఒంటరి ఆడదానికి గది ఇవ్వరట.

“మేం ఇద్దరం ఉన్నాం కదా!” అన్నాను నేను.

వాడు నన్నూ ఆవిడనూ ఎగాదిగా చూసి, “తో దో అకేలీ,” అన్నాడు. అయితే ఇద్దరు ఒంటరి ఆడవాళ్ళట! ఈ లెక్క ఏ బళ్ళో చెప్పారో నాకు ఈనాటికీ అర్థం కాదు. మేము ఊరి బడి అరుగుమీద, కుక్కలను గొడుగుతో అదిలించుకుంటూ తెల్లవారే దాకా కూర్చున్నాం. మర్నాడు ఆఫీసులో చెబితే అక్కడి మగమహారాజులు నవ్వారు. ఆడవాళ్ళకు ఊళ్ళమీద తిరిగే ఉద్యోగాలెందుకని ఒకాయన సలహా కూడా పడేశాడు.

పూర్ణమ్మగారు నవ్వలేదు. తిరిగొచ్చేటప్పుడు దారిలో అన్నారు: “గదిలోకి రానివ్వకపోతే గదినే ఎంట తీసుకెల్దాం. ఏటంటావే కామేశ్వరీ?”

అంతే, మా పెరట్లో పని మొదలైంది. పాడైన రైలుపెట్టెలను విప్పేసి ఆ చెక్కను రైల్వేవాళ్ళు వేలం వేసేవారు. అందరూ దాన్ని వంటచెరుకు కింద కొనుక్కునేవారు. మా నాన్న మాత్రం ఆ కుప్పలోంచి పుచ్చులేని టేకు చెక్కలు ఏరి తెచ్చి చిత్రిక పట్టాడు. యుద్ధం అయ్యాక మిలటరీవాళ్ళు వదిలేసిపోయిన బళ్ళ ఇరుసులూ రబ్బరు చక్రాలూ పాత ఇనప సామాన్ల కొట్లో దొరికాయి. గోడలకు టీపెట్టెల ప్లైవుడ్డు. కప్పుకు చెక్కమీద కాన్వాసు బిగించి, రైలుపెట్టెలకు చేసినట్టే రంగు దట్టంగా పూశాడు. లోపల అటొక బెర్తు, ఇటొక బెర్తు. వాటిని మడిచి గోడ కొక్కేలకు తగిలిస్తే మధ్యలో పురిటి బల్ల పడుతుంది. మూల నీళ్ళ డ్రమ్ము, స్టవ్వు. ఖర్చంతా పూర్ణమ్మగారి జీతంలోంచే. ఆఫీసు ఒక మేకు కూడా ఇవ్వలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆవిడ రోజూ సాయంత్రం వచ్చి అంతా తట్టి చూసేవారు. “తలుపుకి లోపలేపు గడియ పెట్టు స్వామీ. ఒకటి సాలదు, పైనొకటి కిందొకటి పెట్టు.” మా రైల్వే కాలనీవాళ్ళు పూర్ణమ్మగారు సర్కస్ కంపెనీ పెడుతున్నారని హాస్యాలాడారు. ఆడుకోనివ్వమన్నారావిడ.

మా నాన్న చేసిన తప్పు కూడా చెప్పాలి. రైల్వేవాడు తప్ప ఇంకెవడూ చేయలేని తప్పు అది. బండి తయారైంది, కొబ్బరికాయ కొట్టారు. సిల్తారా నుంచి ఫగువా అనే రైతు ఎద్దులను తోలుకొచ్చి కట్టాడు. కాలనీ వీధిలో బండి పెళ్ళికొడుకులా ముచ్చటగా వెళ్ళింది. మలుపు దగ్గర ఎద్దులు తిరిగాయి. బండి తిరగలేదు! నేరుగా పోయి ఎదుటి క్వార్టరు కంచె మీద ఆనింది. నాన్న రెండు ఇరుసులనూ అడుగు చట్రానికి బిర్రుగా బిగించేశాడు, గూడ్సు వ్యాగనుకు బిగించినట్టు. రైలును తిప్పేది పట్టాలు. జన్మంతా పట్టాల మీద నడిచేవాటిని బాగుచేసిన మనిషికి, రోడ్డు మీద బండి తనంతట తనే తిరగాలన్న సంగతి తట్టనే లేదు.

ఫగువా కడుపు పట్టుకుని నవ్వాడు. “ఏ తో రేల్ ఏ బాయీ, కఇసే ముడ్‌హీ?” ఇది రైలు కదా, ఎలా మలుపు తిరుగుతుందీ అని.

మా నాన్న మొహం మాడిపోయింది. “మన రైలు డబ్బాలాగే కట్టీసేనమ్మగోరూ,” అన్నాడు నేల చూపులు చూస్తూ.

“డబ్బాకేం, బంగారంలా ఉంది. ముందిరుసు ఒక్కటీ విప్పు,” అన్నారు పూర్ణమ్మగారు. “పట్టాలేసినవైపే పోడానికైతే ఈ బండెందుకు మనకి?” నాన్న ముందు ఇరుసును మధ్యలో ఒకే ఒక్క లావుపాటి బోల్టు మీద నిలబెట్టాడు. ఆ తర్వాత ఎద్దులు ఎటు తిరిగితే బండీ అటు తిరిగింది.

వానలు తగ్గాక ఊళ్ళకు బయలుదేరాం. ఊరి మధ్య బండి ఆపి, ఎద్దులను విప్పేసి, లోపల రెండు గడియలూ వేసుకుని నిశ్చింతగా పడుకునేవాళ్ళం. ఎవరింట్లో నొప్పులు మొదలైనా వచ్చి తలుపు తట్టేవారు. అక్కడివాళ్ళు దానికి ‘బాయీ కే కురియా’ అని పేరు పెట్టారు, అంటే అమ్మగారి గది. డాక్ బంగళా కావలివాడి కోడలు కూడా అందులోనే కన్నది. పూర్ణమ్మగారు వాడితో ఒక్క మాట ఎత్తిపొడవలేదు. నాకైతే నోరు దురద పెట్టింది.

ఫగువా భార్య బిసాహిన్‌కు అప్పుడు నెలలు నిండుతున్నాయి. కాళ్ళకూ మొహానికీ నీరు పట్టింది. ఇది మంచి గుర్తు కాదని, ఆ వారం బండి వాళ్ళ గుమ్మం ముందే ఉండాలని పూర్ణమ్మగారు తీర్మానించారు. సరిగ్గా అప్పుడే మా పెద్ద అధికారి కన్ను ఆ బండి మీద పడింది. ఆయన సెలవులకు బంధువులతో సిల్తారాకు ఇవతల, రాయపూర్ దారిలో చెరువు పక్కన బాతుల వేటకు డేరాలు వేస్తున్నాడు. ఆడవాళ్ళు పడుకోవడానికి ఈ గది భేషుగ్గా ఉంటుందన్నాడు. గవర్నమెంటు ఉద్యోగి గవర్నమెంటు పనికి వాడేది గవర్నమెంటుదే అన్నాడు.

“బాతుల్ని కొట్టడం కూడా గవర్నమెంటు పనేనా సాబ్?” అని పూర్ణమ్మగారు హిందీలో అడిగారు. బిసాహిన్ సంగతీ చెప్పారు. ఈ ఒక్క పురుడూ అయ్యేదాకా ఆగమన్నారు.

“కుఛ్ దిన్ కీ బాత్ హై, సిస్టర్,” అని ఆయన చల్లగా నవ్వాడు. కొద్దిరోజులేగా అట! ప్యూను ఎద్దులు కట్టించుకుని బండిని లాక్కుపోయాడు.

తర్వాత మేము పొద్దున బస్సులో వెళ్ళడం, చీకటి పడేలోగా తిరిగి రావడం. ఒకరోజు మేము చేరేసరికి బిసాహిన్ రాత్రినుంచీ నొప్పులు పడుతోంది, ఫిట్స్ కూడా వచ్చాయి. ఫగువా తన ఎడ్లబండిలో గడ్డి పరిచాడు. రాయపూర్ ఆసుపత్రికి బయలుదేరాం. ఎండ, దుమ్ము, గతుకులు. దారిలో చెరువు పక్కన డేరాలూ, వాటి మధ్య మా గదీ కనిపించాయి. బిసాహిన్‌కు మళ్ళీ ఫిట్స్ వచ్చాయి.

“ఆపు,” అన్నారు పూర్ణమ్మగారు.

లోపల అధికారిగారి భార్యా ఆమె అక్కచెల్లెళ్ళూ పేకాడుకుంటున్నారు. పూర్ణమ్మగారు తలుపు తెరిచి, “బయటికి దయచేయండి,” అని తెలుగులోనే అన్నారు. ఆ గొంతు వింటే భాష రానివాళ్ళకూ అర్థమవుతుంది. ముక్కలు అక్కడే పడేసి వాళ్ళు దిగిపోయారు. బిసాహిన్‌ను లోపలికి చేర్చి తలుపు వేసుకున్నాం. సాహెబు తుపాకీతో చెరువు గట్టు మీదనుంచి పరుగెత్తుకొచ్చి తలుపు బాదాడు. రెండు గడియలూ వేసే ఉన్నాయి. బాదుకున్నంతసేపు బాదుకున్నాడు. లోపల మాకు తలెత్తే తీరిక లేదు.

తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు. మగపిల్లవాడు. రాత్రే మా గది ఆ గుమ్మంలో ఉండుంటే బతికేవాడని పూర్ణమ్మగారు అన్నారు, నేనూ అదే నమ్ముతాను.

తలుపు తెరిచేసరికి సాహెబు భార్య ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడి ఉంది. “హాయ్ రామ్, సబ్ అపవిత్ర్ హో గయా! అబ్ ఇస్‌మేఁ కౌన్ సోయేగా?” పురిటి మైల, పైన చావు మైల. ఇంక అందులో ఎవరు పడుకుంటారని ఆవిడ బాధ. సాహెబు కూడా నాలుగడుగులు వెనక్కి వేసి, తీసుకుపొమ్మని, మళ్ళీ తేవద్దని చేత్తోనే సైగ చేశాడు. ఫగువా కళ్ళు తుడుచుకుంటూ తన ఎద్దులను ఆ బండికి మార్చి కట్టాడు. బిసాహిన్‌ను అందులోనే ఆసుపత్రికి చేర్చాం.

బండి తిరిగొచ్చిందని కాలనీ అంతా ఒకటే సంబరం. “మైలపేరు సెప్పి బలేగా లాగీసేరమ్మగోరూ!” అని మా నాన్న కూడా నవ్వాడు.

పూర్ణమ్మగారు చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశారు. “నేనేటి లాగీసేను స్వామీ? పసిగుడ్డు పోయింది. నాయంగా అడిగితే ఇవ్వనోడు అసయ్యమేసి వదిలీసేడు. దానికి నవ్వుతావేటి?” నాన్న మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆ నెలనుంచి జీతాలిచ్చే రోజున ఆఫీసు వాళ్ళందరి ముందూ ఆవిడ ఒకే ప్రశ్న అడిగేవారు: “సాబ్, వో గాడీ కిస్‌కీ థీ?” ఆ బండి ఎవరిది అని. ఆయన కాగితాలు సర్దుకునేవాడు, ప్యూనును కేకేసేవాడు, దగ్గేవాడు. ఆవిడను ఎన్ని రకాలుగానో సాధించాడు. ఆవిడ అడగడం మానలేదు. ఆయనకు పెద్ద పదవిచ్చి వేరే ఊరు పంపేటప్పుడు దండలు వేశారు, దయామయుడని పొగిడారు. అందరి చప్పట్లూ అయ్యాక ఆవిడ లేచి మళ్ళీ అదే అడిగారు. ఎవరో జిలేబీల పళ్ళెం ఆవిడ ముందుకు జరిపారు. ఆవిడ ముట్టుకోలేదు, నేనూ ముట్టుకోలేదు.

తర్వాత్తర్వాత మాకూ బంగళాలో గదులిచ్చారు. ఇచ్చిన ప్రతివాడూ ఏదో దయతలిచినట్టే మొహం పెట్టాడు. దయ వద్దు, ఇది మా హక్కని ఒప్పుకోండని నేను ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పోట్లాడాను. గయ్యాళి అని పేరొచ్చింది. రానీ అనుకున్నాను. బిసాహిన్ కొడుక్కి పేరు పెట్టే వేళ కూడా రాలేదు. ఉంటే ఈపాటికి వాడి మనవలు బడికి వెళుతుండేవారు. ఆ సాహెబు మాత్రం నిండు పింఛను తిని, నిండు వయసులో, నిద్రలోనే పోయాడట. కబురు తెలిసి మా పాత ఆఫీసువాళ్ళంతా పుణ్యాత్ముడన్నారు.

నేను అనలేదు.