సీజరు బాబుగారి పరీక్ష

జనాన్నీ బళ్లనీ దాటించే పంటు సఖినేటిపల్లి రేవు వదిలి గోదావరి నడిమికి వచ్చేసరికి, జీపు పక్కన నిలబడ్డ అల్సేషన్ కుక్క కుక్కుటేశ్వరరావు కంటబడింది. దివిసీమ ఉప్పెన తర్వాతి వేసవి అది. చెవి కొస మీద గాటు చూసి గుర్తుపట్టాడు. సీజరు. తన సీజరు.

సామర్లకోట పంచదార ఫ్యాక్టరీలో గుమాస్తా ఆయన. ఉద్యోగం అన్నం పెట్టింది గానీ, మనసంతా జాతి కుక్కల మీదే. సెలవు పెట్టి మద్రాసు డాగ్ షోలకు వెళ్లి, జడ్జీల వెనక తిరిగి, దేన్ని జత కట్టించవచ్చో, దేన్ని కూడదో తేల్చడం నేర్చాడు. గోదావరికి ఇటూ అటూ ఎవరింట మంచి కుక్క ఉన్నా ఆయన సరేనన్నాకే పిల్లలు. క్వార్టర్సులో కుక్కలు ఉండకూడదని ఆర్డరు వచ్చినప్పుడు, ఏడాది పెంచిన సీజరుని నరసాపురం రామరాజుగారికి ఇచ్చేశాడు. అప్పుడొక మాట అనుకున్నారు. జతకి పనికిరాదని తేలితే సీజరు మళ్లీ రావుదే. ఈమధ్యే సొంత ఇల్లు కట్టుకున్నాడు. పెరటి గోడకి గొలుసు తగిలించే కొక్కెం కూడా బిగించాడు.

సీజరు తోక ఊపుతూ వచ్చి, చెయ్యి వాసన చూసి, పొరుగూరి చుట్టాన్ని పలకరించినట్టు పలకరించి, వెనక్కి వెళ్లి, జీపుకి ఆనుకుని ఉన్న రామరాజుగారి కాళ్ల దగ్గర నిలబడింది.

"మీకే కబురు పెడదామనుకుంటున్నానండి," అన్నారు రాజుగారు. "భీమవరంలో మా వియ్యంకులవారు వాళ్ల ఆడకుక్కకి జత అడుగుతున్నారు. మీరు చూసి చెప్పాలి. భోజనం మా ఇంట్లోనేనండి."

"చూడాల్సిందేనండి," అన్నాడు రావు. గొంతులోని ఆశ ఆయనకే వినబడింది.

రాజుగారి వాకిట్లో పరీక్ష మొదలైంది. పళ్లు విప్పి చూశాడు, పైవరసా కిందివరసా చక్కగా కలిశాయి. నడిపించాడు, నడుము ఊగలేదు. ఇంకొకరి కుక్కయితే మురిసిపోయేవాడే. ఇక్కడ లోపం కోసం వెతుకుతున్నాడు. వెనకనుంచి ఇత్తడి పళ్లెం పడేశాడు. సీజరు తిరిగి, దాన్ని వాసన చూసింది. మొహం మీద ఫట్టుమని గొడుగు తెరిచాడు. వానకంటే ఈ పనికే ఎక్కువ వాడిన గొడుగది. సీజరు ఒకడుగు వెనక్కేసి, మళ్లీ ముందుకొచ్చింది.

"మా బాబు దేనికీ బెదరరండి," అంది రాజుగారి భార్య బుల్లెమ్మ, అరుగు మీదనుంచి. "ఎవరిమీదా పడరు కూడానూ. పాలబ్బాయికి తోవ ఇస్తారు."

'మా బాబు' అన్న మాట రావుకి గుచ్చుకుంది.

"సిట్," అన్నాడు. సీజరుకి తను నేర్పిన మొదటి మాట. కుక్క ఆయన మొహంలోకి మర్యాదగా చూసింది. కూర్చోలేదు. గట్టిగా అన్నాడు. ఊహూ.

రావు గొడుగు ముడిచాడు. "మాట వినట్లేదండి. ఒళ్లు బాగుంటే చాలదు, గుణం పిల్లలకి దిగుతుంది. పనికిరాడు."

రాజుగారు లోపలికి వెళ్లారు. గొలుసు తెచ్చి రావు చేతిలో పెట్టారు. "అనుకున్నాం కదండీ. తీసుకెళ్లండి."

బుల్లెమ్మ అరుగు దిగింది. "పట్టీ బిగువుగా ఉందండి, దారిలో మెడ ఒరుసుకుంటుంది," అని వంగి, "కూర్చోండి బాబూ," అంది.

సీజరు కూర్చుంది.

దొరలు వెళ్లిపోయి ఇన్నేళ్లయినా కుక్కలకి ఇంగ్లీషే పుట్టుభాషని మనవాళ్లు ఎందుకనుకుంటారో తెలియదు. ఆ వైపు రాజుల ఇళ్లలో పాలుతాగే పిల్లల్నీ మీరంటారు, అడ్డొచ్చిన గేదెనీ తప్పుకోండమ్మా అంటారు. రెండేళ్లుగా సీజరు చెవిన రండి, తినండి, పడుకోండి తప్ప మరో మాట పడలేదు. రావుకి ఇదంతా తెలుసు. తెలిసీ తట్టలేదు.

రాజుగారూ చూశారు. అయినా గొలుసు వెనక్కి అడగలేదు. ఆ అడగకపోవడమే రావు భరించలేకపోయాడు.

"ఒకసారి లేపండమ్మా."

"లేవండి బాబూ." లేచింది. "కూర్చోండి." కూర్చుంది, కళ్లు ఆవిడమీదే పెట్టి. పెంచిన ఏడాదిలో తనవైపు ఒక్కనాడూ అలా చూడలేదు.

రావు గొలుసు ఆవిడకి అందించాడు. "జత కట్టించుకోండి. మేలైన కుక్క."

"విస్తళ్లు వేయిస్తానండి," అంటూ బుల్లెమ్మ లోపలికి వెళ్లింది. సీజరు ఆవిడ వెనకే వెళ్లింది. రాజుగారు చేతులకి నీళ్లు తెమ్మని పెరటివైపు తిరిగి కేకేస్తున్నారు. ఆ ఇంట భోజనానికి పిలిచాక తినకుండా వెళ్లిపోవడం ఎంత తప్పో తెలిసిన మనిషే, గొడుగు చంకన పెట్టుకుని, గేటు చప్పుడు కాకుండా తీసి, స్టేషను వైపు నడిచాడు.