నిద్ర అమ్ముకున్న దర్జీ

2012 సెప్టెంబరులో నేను అమెరికాలో శాన్ రామన్‌లోని మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. ఆ ముందు ఏడాదే ప్రాక్టీసు మానేశాను. తెనాలి కోర్టులో జీవితమంతా ఆస్తి తగాదాలు నడిపినదాన్ని. అన్నదమ్ముల పంపకాలు, గట్టు జరిపాడని దావాలు, చచ్చిపోయినవాళ్ళ పేరుతో సంతకాలు. ఆ పని చేయగా చేయగా మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, ఆ నవ్వుతో వీళ్ళకేం పని పడిందా అని చూస్తాం. నల్లకోటు విప్పేసినా ఆ చూపు మాత్రం నాతోనే విమానం ఎక్కింది.

అమ్మాయీ అల్లుడూ ఉద్యోగాలకి పోతారు. పదేళ్ళ మనవరాలు బడి నుంచి నేరుగా పక్కింటికి వెళ్ళి, సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది. పక్కింటావిడకి డెబ్బై దాటాయి. భర్త పోయాడు, ఒక్కతే ఉంటుంది. స్కూల్లో లైబ్రేరియన్‌గా చేసి రిటైరైంది. పిల్లని చూసుకున్నందుకు ఏమీ తీసుకోదట. ఊరికే ఎవరూ ఏదీ చేయరని నమ్మే వృత్తిలో ఉన్నదాన్ని కాబట్టి నాకు మొదటి అనుమానం అక్కడే వచ్చింది.

"నేను వచ్చాను కదా, ఇక ఇంటికే వచ్చేయమను," అన్నాను.

మనవరాలు ఒప్పుకోలేదు. "నో అమ్మమ్మా, స్టోరీ మిడిల్‌లో ఉంది. డీమన్ కేస్ ఇంకా అవలేదు."

దయ్యానికి కేసేమిటో నాకు అర్థం కాలేదు. పిల్లల మాట కదా అని ఊరుకున్నాను.

ఒక శుక్రవారం సాయంత్రం దాన్ని తీసుకురావడానికి వెళ్ళాను. వాళ్ళ వంటింటి వైపు అద్దం తలుపు ఉంటుంది. లోపల బల్ల మీద రెండు కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. ఆవిడ రెండు చేతులతో కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటోంది. పక్కన మా పిల్ల కూడా అచ్చం అలాగే కళ్ళు మూసుకుని నిలబడింది.

తలుపు గట్టిగా కొట్టాను. పిల్ల చెయ్యి పట్టుకుని, ఆవిడ ఏదో చెప్పబోతున్నా వినకుండా ఇంటికి లాక్కొచ్చాను.

అమ్మాయి ఆఫీసు నుంచి రాగానే నిలదీశాను. అది హ్యాండ్‌బ్యాగ్ కూడా దించకుండా నవ్వింది.

"అమ్మా, ఆవిడ జ్యూయిష్, అదే, యూదులు. శుక్రవారం సాయంత్రం నుంచి వాళ్ళకి రెస్ట్ డే మొదలవుతుంది, అప్పుడు క్యాండిల్స్ వెలిగిస్తారు, అంతే. నువ్వు దీపం పెట్టట్లేదా? పైగా వాళ్ళు ఎవర్నీ కన్వర్ట్ చెయ్యరు."

"అది నీకెవరు చెప్పారు?"

"ఆవిడే చెప్పింది."

"ముద్దాయి చెప్పిన మాటే సాక్ష్యమా?"

"నువ్వు ఎవర్ని నమ్మావు గనక," అంటూ అది పైకి వెళ్ళిపోయింది.

సోమవారం మధ్యాహ్నం నేనే వెళ్ళి పక్కింటి తలుపు కొట్టాను. కథ జరిగేటప్పుడు నేనూ కూర్చుంటానన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "తనిఖీకి వచ్చారా?" అని అడిగింది. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే. నాకు మాత్రం ఇప్పుడు ఆ మాటలన్నీ తెలుగులోనే గుర్తున్నాయి. అవునన్నాను. కుర్చీ వేసింది. పాలు లేని టీ, బిస్కెట్లు తెచ్చి పెట్టింది. వీటిలో గుడ్డు ఉందా అని అడిగితే మాట్లాడకుండా లోపలికెళ్ళి ప్యాకెట్టు తెచ్చి నా చేతిలో పెట్టింది, చదువుకోమన్నట్టు. నేను చదివాను. గుడ్డు లేదు.

మనవరాలు నాకోసం కథ మొదటి నుంచి చెప్పమంది. ఆవిడ మొదలుపెట్టింది.

ఒక ఊళ్ళో ఒక పేద దర్జీ. పగలంతా కుట్టినా ఇంటిల్లిపాదికీ చాలదు. రాత్రి కూడా కుట్టగలిగితే బాగుండునని పైకే అనుకుంటాడు. పొయ్యి వెనక కాపురముండే దయ్యం ఆ మాట విని, నీ నిద్ర నాకు అమ్ముతావా అని అడుగుతుంది. దయ్యాలకి నిద్ర రాదు. దానికి పసిపిల్లలున్నారు, వాళ్ళు రాత్రీపగలూ ఒకటే ఏడుపు. బేరం కుదురుతుంది. దర్జీ రాత్రిళ్ళు కుట్టి బాగుపడతాడు, ఇల్లు కడతాడు. ఏళ్ళు గడిచేసరికి ఒళ్ళు హూనమై, నా నిద్ర నాకు ఇచ్చేయమంటాడు. ఇవ్వనంటుంది దయ్యం. ఇద్దరూ ఊరి పెద్ద దగ్గరికి వెళ్తారు.

"దయ్యం ఏమంది?" అని నాకు తెలియకుండానే అడిగాను.

"నేను దొంగిలించలేదు, కొన్నాను అంది. నా పిల్లలు ఆ నిద్రకి అలవాటుపడ్డారు, ఇప్పుడు వాళ్ళ కళ్ళలోంచి ఎలా పీకి ఇవ్వను అంది."

"మరి తీర్పు?"

"అక్కడే ఆగిపోయాను," అందావిడ.

ఆ తరవాత రోజూ వెళ్ళడం మొదలుపెట్టాను. పిల్లని కనిపెట్టి ఉండడానికని అమ్మాయితో చెప్పాను. కొంతవరకు అది నిజమే.

ఆవిడ ఇలాంటి కథలు చాలా రాసిందట. యూదుల మాయాకథలతో ఒక సంకలనం వేస్తున్నారని తెలిసి, ఈ దర్జీ కథని అసంపూర్తిగానే పంపిందట. సంపాదకుడు ఫోన్ చేసి కుదరదన్నాడు. ఇందులో యూదులే లేరు, పండగ లేదు, ప్రార్థన లేదు, కనీసం ఒక పేరైనా లేదు, ఇది యూదుల కథ ఎలా అవుతుంది అని అడిగాడట.

ఆ సంపాదకుడు నాకు నచ్చాడు. "ఆయన అడిగినదాంట్లో తప్పేముంది?" అన్నాను. పైకి అనలేదు గానీ నా అనుమానం ఇంకొకటుంది. పేర్లు తీసేసి, గుర్తులు చెరిపేసి, పిల్లకి తెలియకుండా తన మతాన్ని దాని నోట్లో పెడుతోందేమో! మందు చేదు తెలియకుండా బెల్లంలో చుట్టి మింగించడం మనకి తెలియని పనా?

ఆవిడ నా మొహం చదివినట్టుంది. "మీరేదో అడగాలనుకుంటున్నారు," అంది.

"ఆ పేర్లన్నీ ఎందుకు దాచారు?"

"దాచలేదు. కొవ్వొత్తులూ గడ్డాలూ టోపీలూ పెడితే యూదుల కథ అయిపోతుందంటే నాకే నమ్మకం లేదు. అది వేషం. నా చిన్నప్పుడు మాయాకథలంటే పిచ్చిగా చదివేదాన్ని. రాజులు, కోటలు, కత్తులు. వాటిలో మా వాళ్ళు ఉండేవాళ్ళు కాదు. ఒక్కోసారి మాత్రం గుహలో బంగారం కాపలా కాస్తూ, యూదుల్ని వెక్కిరిస్తూ గీసే బొమ్మల్లో ఉండే వంకర ముక్కుతో ఒక వికారమైన జీవి కనబడేది. వీరుడు వచ్చి దాన్ని నరికేవాడు, అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. అద్దంలో నా ముక్కు చూసుకుని నాకు భయం వేసేది. అప్పటినుంచి కథలో ఎవర్నయినా దయ్యం అంటే, అలా అన్నది ఎవరు, దానివల్ల వాళ్ళకేం లాభం అని చూస్తాను."

నేను టీ తాగడం ఆపాను. ఎవరికి లాభం అనేది కోర్టులో నేను మొదట అడిగే ప్రశ్న.

మా చిన్నప్పటి కథల సంగతి ఆవిడకి చెప్పాను. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది, రాజకుమారుడు వెళ్ళి చిలక మెడ విరుస్తాడు, మాంత్రికుడు గిలగిలా కొట్టుకుని చస్తాడు, కథ అయిపోతుంది.

"బట్ చిలక ఏం చేసింది?" అంది మనవరాలు. "దట్స్ సో అన్‌ఫెయిర్ అమ్మమ్మా!"

అరవై ఏళ్ళుగా ఆ కథ నాకు తెలుసు. చిలక తరఫున ఎవరూ హాజరు కాలేదని ఎప్పుడూ తట్టలేదు.

మర్నాటి నుంచి దయ్యం కేసు నేను తీసుకున్నాను. పక్కింటావిడ దర్జీ తరఫు. మనవరాలు ఊరి పెద్ద. అది తండ్రి నల్ల జాకెట్టు తగిలించుకుని సోఫా చేతి మీద కూర్చునేది. నేను దర్జీని ఉతికి ఆరేశాను. నిద్ర అమ్మినప్పుడు తాగి ఉన్నాడా? ఎవరైనా బెదిరించారా? ఆ సంపాదనతో కట్టిన ఇంట్లో ఇప్పటికీ ఉంటున్నాడా లేదా? లాభం తను ఉంచుకుని సరుకు మాత్రం వెనక్కి ఇమ్మంటే ఎలా? దయ్యం పిల్లలు ఏ పాపం చేశారు?

ఆవిడ జవాబు చెప్పలేక తడబడేది. లేదా తడబడినట్టు నటించేది. నాకు అప్పుడే కొంచెం అనుమానంగా ఉండేది. లైబ్రరీలో అన్నేళ్ళు కథలు చదివిన మనిషి అంత తొందరగా చేతులెత్తేస్తుందా అని.

ఒక రోజు, మనవరాలు నాకు అనుకూలంగా తీర్పు చెప్పేసేలా ఉన్నప్పుడు, అలవాటు కొద్దీ అవతలివాళ్ళ కేసులో బలం ఎక్కడుందో నేనే వెతికాను. "దర్జీకి ఒక్కటే దారి ఉంది," అన్నాను. "అమ్మినవాడికే హక్కు లేని ఆస్తి కొన్నవాడికి రాదు. తండ్రి ఆస్తి మొత్తం ఒక కొడుకు అమ్మేస్తే వాడి వాటా వరకే చెల్లుతుంది, మిగతాది చెల్లదు. ఆ నిద్రలో దర్జీది కాని భాగమేదైనా ఉంటే ఆ భాగం అమ్మకం చెల్లదు. కానీ నిద్రలో ఇంకొకరికి వాటా ఎక్కడుంటుంది?"

ఆవిడ చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది.

"ఉంది," అంది మెల్లగా. "ఆరు రోజుల నిద్ర అతనిది. ఏడో రోజుది కాదు. ఏడో రోజు విశ్రాంతి దేవుడిది. మనిషికి ఊరికే వాడుకోమని ఇస్తాడు. అతను దాన్ని అమ్మలేడు."

తరవాత ఊరి పెద్ద తీర్పు చెప్పింది: ఆరు రాత్రుల నిద్ర దయ్యం పిల్లలది, ఏడో రాత్రి దర్జీది. "బట్ ఆ నైట్ డీమన్ కిడ్స్ ఏం చేస్తారు? ఏడుస్తారా?" అని తనే మళ్ళీ దిగులుపడింది. ఆ రాత్రి దర్జీ భార్య పొయ్యి దగ్గర దీపం పెట్టి ఉంచాలని, పిల్లలు దాన్ని చూస్తూ ఊరుకుంటారని పక్కింటావిడ అంది. కథ అయిపోయింది. ఎక్కడా యూదు అన్న మాట రాలేదు. అయినా అది ఇంకెవరి కథో అని ఇక నేను అనలేకపోయాను.

జనవరిలో ఒక ఆదివారం వాళ్ళ ప్రార్థన మందిరం హాల్లో ఆవిడ ఆ కథ చదువుతానంటే అమ్మాయి మమ్మల్ని డ్రైవ్ చేసి తీసుకెళ్ళింది. గేటు దగ్గర నడుముకి తుపాకీ ఉన్న కాపలావాడు నన్ను ఆపాడు. నా చేతిసంచి మొత్తం బయటికి తీయించాడు. కళ్ళజోడు డబ్బా, మందులు, చేతిరుమాలు. "ఎవరు పిలిచారు మిమ్మల్ని?" అని రెండుసార్లు అడిగాడు. నా చీర వైపు, బొట్టు వైపు చూశాడు. జీవితమంతా నేను ఇతరుల్ని చూసిన చూపు అది. నాకు కోపం రావాలి. కానీ ప్రార్థన చేసుకునే చోట కూడా తుపాకీ కాపలా పెట్టుకోవాల్సినంత దాడుల భయం వీళ్ళకుందని తట్టాక కోపం నిలవలేదు. పక్కింటావిడ బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

హాల్లో ముప్పై మంది దాకా ఉన్నారు, ఎక్కువమంది ముసలివాళ్ళే. ఆవిడ చదవడం పూర్తి చేసింది. చప్పట్లకి ముందే వెనక నుంచి ఒక పెద్దాయన లేచాడు. "తీర్పు తప్పు. దర్జీకి ఏడో రోజు సంగతి తెలుసు. తెలిసీ అమ్మాడు. దయ్యానికి పరిహారం ఇవ్వాలి," అన్నాడు. ఇంకొకావిడ ఆయన మీద లేచింది. దయ్యానికి దేవుడి ఆజ్ఞ వర్తిస్తుందా అని ఒకరు, వర్తించకపోతే మన పెద్ద దగ్గరికి ఎందుకొచ్చింది అని మరొకరు. పక్క బల్ల మీద పెట్టిన కాఫీ చల్లారిపోయింది, ఎవరూ ఇంటికి కదల్లేదు. పక్కింటావిడ నన్ను చూపించి, దయ్యం తరఫు లాయరు ఈవిడే అంది. నేను లేచి నా కోర్టు ఇంగ్లీషులో పరిహారం కోసం వాదించాను. ఆ పెద్దాయన నా ప్రతి మాటకీ తల ఊపాడు, చివరికి నాతోనూ విభేదించాడు.

కారులో అమ్మాయి అంది, "అమ్మా, నిన్ను ఇంత హ్యాపీగా చూసి ఎన్నాళ్ళయిందో." నేను కిటికీ వైపు తిరిగాను.

ఆవిడ కొత్త ముగింపుతో కథని మళ్ళీ పంపింది. ఫిబ్రవరి చివర్లో ఆ సంపాదకుడు వేసుకుంటానని ఫోన్ చేశాడు. ఆ కబురు చెప్పడానికి మా ఇంటికి వచ్చింది గానీ ఆవిడ మొహంలో సంతోషం లేదు. "ఒక్క మార్పు కూడా అడగలేదు. సరిగ్గా చదివాడంటారా?" అంది. మేమిద్దరం కూర్చుని ఆ విషయం చాలాసేపు తర్కించాం.

మార్చిలో నా తిరుగు ప్రయాణం. సామాను సర్దడం అయ్యాక వీడ్కోలు చెప్పడానికి వెళ్ళాను. వారాలుగా మనసులో తొలుస్తున్న మాట అడిగేశాను.

"నిజం చెప్పండి. ఏడో రోజు సంగతి మీకు మొదటే తెలుసు కదూ? నా చేత ఆ పాయింటు చెప్పించడానికే అన్నాళ్ళూ ఓడిపోతున్నట్టు నటించారు కదూ?"

ఆవిడ కళ్ళజోడు తీసి పైటలా వేసుకున్న శాలువా కొసతో తుడుచుకుంది.

"మీరు లాయరు. సాక్ష్యం ఉంటే చూపించండి," అంది.

నా దగ్గర సాక్ష్యం లేదు. ఇప్పటికీ లేదు.