పసుపు హెల్మెట్

ఆ రోజు తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకి రైల్లో వెళ్తున్నాను. అక్కడ మేం కడుతున్న బిల్డింగు సైటు నుంచి మేస్త్రీ ఫోన్ చేశాడు. "మట్టి జారకుండా పునాది గోతికి చెక్కలు రేపు కొట్టిద్దామండీ. ఇవాళ మనుషుల్ని దింపేస్తాను."

నేను సరే అనేలోగా, ఎదుటి సీటులోని నడివయసావిడ లేచి, ఒళ్లో ఉన్న పసుపు హెల్మెట్ నా తలకు పెట్టింది.

"మా ఆయనదండీ. పోయినేడు పునాది గొయ్యి కూలి మట్టిలో ఉండిపోయారు. మీకూ సరిగ్గా సరిపోయిందండీ" అంది మెత్తగా.

లోపలి పట్టీ ఇంకా తడిగా ఉంది.

ఆవిడ హెల్మెట్ తీసుకుని భీమడోలులో దిగిపోయింది. "చెక్కలు కొట్టేదాకా ఎవర్నీ దింపొద్దు" అన్నాను, మేస్త్రీకి మళ్లీ ఫోన్ చేసి.

సైటుకు చేరేసరికి గొయ్యి సగం పూడిపోయి ఉంది. పైన నిలబడ్డ కూలీలంతా నన్నే చూస్తున్నారు.