చెట్టు మీద చిక్కిన జడ

జర్మనీలో, హానోవర్ శివారులోని ఒక పాత తోటలో నాలుగు మమూత్ చెట్లు, అంటే ఆకాశమంత ఎత్తు పెరిగే సెకోయాలు, ఉన్నాయి. ఎవరో తాతల కాలంలో అమెరికా నుంచి విత్తనాలు తెప్పించి నాటారట. ఆ బెరడును గుప్పిటతో గుద్దినా నొప్పి పుట్టదు, కొబ్బరిపీచు పరుపులా లోపలికి అణుగుతుంది. మా కింది వాటాలో ఉండే హైదరాబాదీ ఇంజినీరు శనివారాలు సరదాకి ఆ చెట్లెక్కుతాడు. నన్ను అక్కా అంటాడు. ముప్పై ఏళ్ళు పత్రిక డెస్కులో కూర్చున్న నడుము నాది. రమ్మంటే రెండుసార్లు నవ్వేసి, మూడో శనివారం వెళ్ళాను.

ఎక్కడం కంటే తాడు వేయడమే పెద్ద పని. చిన్న బరువు సంచికి సన్నతాడు కట్టి, మనిషెత్తు ఉండేలుతో కొడతారు. సంచి గట్టి కొమ్మ మీదుగా అవతల పడేదాకా కొడుతూనే ఉంటారు. ఆ సన్నతాడుతో లావుతాడును పైకి లాగుతారు. ఆ రోజు ఏడోసారికి పడింది.

నేర్పే జర్మన్ ఆవిడకు యాభై దాటాయి. తల మీద అంగుళం వెంట్రుకలు కూడా లేవు. నా నడుముపట్టీ రెండుసార్లు లాగి చూసి, జడ పట్టుకుని, "ఇది కోటు లోపల పెట్టు. జిప్పు తియ్యకు" అంది.

జడ నడుము దాటింది. అందం కోసం పెంచింది కాదు. మూడేళ్ళ కిందట చెల్లెలికి క్యాన్సర్ మందులు ఎక్కిస్తుంటే జుట్టంతా రాలిపోయినప్పుడు, తను బతికితే తిరుమలలో గుండు చేయించుకుంటానని మొక్కుకున్నాను. తను బతికింది. నాకు మొదట సెలవు కుదరలేదు, తర్వాత ఇక్కడ ఉండనిచ్చే వీసా కార్డు పొడిగింపుకి టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, దొరకలేదు, ఆ తర్వాత ఇంకేదో. మొక్కు తీరేదాకా కత్తెర తగలకూడదు గనక అది పెరుగుతూ పోయింది.

ఆరేడు అంతస్తుల ఎత్తు దాకా ఎక్కాను. చెమట పట్టి జిప్పు కొంచెం దించాను. దిగేటప్పుడు తాడు మన పొట్ట ముందున్న చిన్న ఇనుప పరికరంలోంచి జారుతుంది. మీట నొక్కితే దిగుతాం, వదిలితే ఆగుతాం. నొక్కాను. సరిగ్గా అప్పుడు కింద నుంచి, "అక్కా, ఇటు సూడు, ఫోటో!" అని కేక. వంగి చూశాను. జడ ముందుకు జారింది. తాడుతో పాటు దాన్నీ ఆ పరికరం లాక్కుంది. తల ఒక్క విసురుతో కిందికి వంగిపోయింది. మీట వదిలేశాను.

"ఏమైందక్కా? దిగుతలేవ్?"

"జడ ఇరుక్కుంది."

"ఎంతదాకా?"

"భుజం దగ్గరిదాకా."

"అరె! చెట్టుకు గిట్ల జడేసినవా ఏంది?"

"మీట ముట్టుకోకు! వస్తున్నా!" అని ఆవిడ అరిచింది.

ఆవిడ రెండో తాడు మీద వచ్చేదాకా నాకు కనిపించింది జానెడు బెరడే. తల ఎత్తలేను, తిప్పలేను. నా బరువే నన్ను బిగిస్తోంది. తొడల దగ్గర పట్టీలు కోసుకుపోతున్నాయి. ముందు పాదాలు తిమ్మిరెక్కాయి, తర్వాత పిక్కలు.

ఆవిడ వచ్చి నన్ను తన తాడుకు కూడా తగిలించి, నా కాలికి ఒక తాడు ఉచ్చు తొడిగింది. "దీంట్లో నిలబడు. నీ బరువు లేస్తే అది వదులుతుంది." మూడుసార్లు ప్రయత్నించాను. కాళ్ళు నా మాట వినలేదు.

"కప్పీ కట్టి నిన్ను లాగాలంటే అరగంట పడుతుంది. పట్టీల్లో అంతసేపు వేలాడితే నీ కాళ్ళకు రక్తం ఆడదు, ప్రమాదం" అంటూ సంచిలోంచి మొండి మొనల కత్తెర తీసింది.

"వద్దు. ఇది నాది కాదు. దేవుడికి మాటిచ్చాను" అన్నాను, నాకొచ్చిన జర్మన్‌లో.

ఆవిడ నవ్వలేదు. "నువ్వు ఇక్కడ వేలాడుతున్నావని ఆయనకు తెలుసా?" అని మాత్రం అడిగింది.

కింద అతను విన్నాడు. "అక్కా, ఆడోళ్ళకు మూడు కత్తెర్లు సాలంట గదా! మా టీమోళ్ళు చెప్పిన్రు."

"నేను మొక్కింది గుండు!"

"మరి గట్లనే ఉంటవా? బిర్యానీ పైకి పంపాల్నా?"

నవ్వొచ్చింది. నవ్వితే మాడు లాగింది. కుడికాలు ఉందో లేదో తెలియడం లేదు. ఇంకొంచెంసేపు బెరడు వంకే చూశాను. తర్వాత, "కత్తిరించు" అన్నాను.

ఒత్తు జడ. మూడు కత్తెర్లకు తెగలేదు. ఒక చేత్తో తాడును పక్కకు పట్టి, ఆవిడ కొంచెం కొంచెంగా కోసింది. ఆ కరకర శబ్దం చెవి పక్కనే వినిపించింది. నా తలకు పట్టు వదిలాక, మిగిలిన వెంట్రుకలను నములుతూనే పరికరం మెల్లగా జారింది. ఆవిడ నా పక్కనే దిగింది.

నేల మీద నిలబడలేక చెట్టు వేళ్ళ మధ్య కూలబడ్డాను. ఆవిడ పరికరం మూత విప్పింది. జడ కింద పడింది. అతను ఇక వేళాకోళమాడలేదు. దాన్ని రెండు చేతులతో తీసి, అంటుకున్న ఎండాకులు దులిపి, "యాడ పెట్టాలక్కా?" అన్నాడు. సంచిలో పెట్టమన్నాను.

అక్కడి నుంచే చెల్లెలికి ఫోన్ చేశాను. జరిగింది చెప్పి, "మొక్కు పాడు చేశానే" అన్నాను.

తను ఒకటే అడిగింది.

"ఎంత మిగిలిందక్కా?"

"భుజాలదాకా."

"నాకూ మళ్ళీ అంతే వచ్చింది" అంది.