ఆపా పలికిన పేరు

మా పక్కింటి ఆపా మొన్న శుక్రవారం పోయారు. పొద్దున పెరట్లో పని చేసుకుంటూ కూలబడిపోయారట. లారీ నడిపే వాళ్ళాయన, నేను భాయ్‌గారూ అని పిలిచే మనిషి, మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డారు. "మీ ఆపా లేదమ్మా" అని మాత్రం అన్నారు. ఏ ఊరెళ్ళారని అడగబోయాను. ఆయన మొహం చూశాక అర్థమైంది.

తిరువూరులో మా వీధి దాటితే ఆవిడ ఎవరికీ తెలియదు. గొప్పగా చెప్పుకునే సంగతులూ లేవు. మధ్యాహ్నం నమాజు అయ్యాక వచ్చి, గడప దగ్గర చెప్పులు విడిచి, "చెల్లీ, ఉన్నావా?" అనేవారు. నేను ఎక్కడికీ పోనని తెలుసు, అయినా అడిగేవారు. టీ సాసరులో పోసుకుని మొదటి గుక్క కళ్ళు మూసుకుని తాగేవారు.

మాకు పరిచయం చేపల వల్ల అయింది. నా మొదటి కాన్పులో పాప దక్కలేదు. బెజవాడ ఆసుపత్రి నుంచి ఒట్టి చేతులతో వచ్చాను. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు. నేనూ ఏడవలేదు, అసలు మాట్లాడడమే మానేశాను. ఏం చెయ్యాలో తోచక మా ఆయన చిన్న అద్దాల తొట్టి, రెండు బంగారు రంగు చేపలు తెచ్చారు. నీళ్ళు పీల్చి, శుభ్రం చేసి, గొట్టంలోంచి మళ్ళీ తొట్టిలోకి వదిలే ఫిల్టరు మోటారు మద్రాసు నుంచి తెప్పించారు. అది పెద్ద తొట్లకి పెట్టేది. మా తొట్టిలో దాని ధాటికి నీళ్ళు సుళ్ళు తిరిగేవి. చేపలు ఎదురీది ఎదురీది అలిసిపోయి మూలకి కొట్టుకుపోయేవి. మోటారు ఆపేస్తే నీళ్ళు మురికయ్యేవి. ఓ మధ్యాహ్నం ఒక చేప చచ్చి తేలింది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. గోడ అవతలికి వినపడేంత ఏడుపు.

ఆపా పరుగున వచ్చారు. చచ్చిన చేపనీ నన్నూ చూశారు. ఎందుకేడుస్తున్నావని అడగలేదు. తొట్టి ముందు చతికిలబడి, "ఇవేం నీళ్ళు, వరదలాగ! రెండోది కూడా పోయేట్టుంది. లే చెల్లీ, ఏదో ఒకటి చేద్దాం" అన్నారు.

ఆవిడకీ చేపల సంగతి తెలీదు. ముందు గొట్టం మూతికి గుడ్డ కట్టాం. మోటారు మూలగడం మొదలెట్టింది. "అయ్యో, దీని గొంతు నొక్కేశాం" అంటూ ఆపా విప్పేశారు. తర్వాత గొట్టాన్ని అద్దం వైపు తిప్పాం. జోరు అద్దానికి తగిలి సగం తగ్గింది. ఆ సగమూ చేపకి ఎక్కువే. ఆవిడ ఇంటికెళ్ళి లారీ సామాన్లలోంచి ప్లాస్టిక్ గొట్టం ముక్క తెచ్చారు. దాన్ని మోటారు గొట్టానికి తగిలించి, చివర మూసేసి, పొడవునా చిల్లులు పెడితే నీళ్ళు ఒక్కచోటే దూకకుండా సర్దుకుని వస్తాయేమో చూద్దామనుకున్నాం.

కుంపటి ముందు కూర్చున్నాం. నేను గొట్టం పట్టుకుంటే ఆవిడ దబ్బనం కాల్చి చిల్లులు పొడుస్తున్నారు. తలెత్తకుండానే అడిగారు.

"పాపకి ఏం పేరనుకున్నావు?"

అంతవరకు ఆ మాట నన్నెవరూ అడగలేదు. చెప్పాను. ఆపా ఆ పేరు మెల్లగా ఒకసారి పలికారు. నా బిడ్డ పేరు ఇంకొకరి నోట వినడం అదే మొదలు.

"నాకూ ఇద్దరు పోయారు" అన్నారు. "మర్చిపో మర్చిపో అంటారు అందరూ. ఎందుకు మర్చిపోవాలి? రోజూ పేరు పెట్టి పిలుచుకుంటా. మనమే అనకపోతే ఎవరంటారు చెల్లీ?"

గొట్టం బిగించి మోటారు వేశాం. చిల్లులన్నిట్లోంచి నీళ్ళు సన్నగా జారి అద్దం మీదుగా దిగాయి. చేప చాలాసేపు మూలనే నక్కి ఉంది. తర్వాత మెల్లగా తొట్టి మధ్యకి వచ్చింది. "అమ్మయ్య, నిలదొక్కుకుంది" అని ఆపా కొంగుతో మొహం తుడుచుకున్నారు.

ఆ తర్వాత నాకు ఇద్దరు పిల్లలు పుట్టారు. అయినా ఎవరైనా ఎందరు పిల్లలని అడిగితే, నా పక్కనుంటే ఆపానే "ముగ్గురు" అనేవారు. ఇక అలా చెప్పేవాళ్ళు లేరు.

ఆపాని మోసుకుని జనాజా కదిలాక మగవాళ్ళంతా వెంట వెళ్ళారు. ఆడవాళ్ళు లోపల కూర్చున్నారు. ఉండలేక పెరట్లోకి వెళ్ళాను. సగం బట్టలు తీగ మీద ఆరిపోయాయి. మిగతావి బకెట్లో, ఆవిడ పిండి పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒక్కొక్కటే దులిపి ఆరేశాను. ఆఖరికి ఆవిడ చీర మిగిలింది. ఆ చేతులు తిప్పిన మెలిక ఇంకా విడలేదు. దాన్ని విప్పడానికి నాకు చేతులాడలేదు. ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. నీళ్ళు నా కుచ్చిళ్ళ మీదుగా కారుతున్నాయి.